దివాలా తీసి కూడా రాక్ ఐలాండ్ రైల్వే ఐదేళ్లు ఎలా నడిచింది? అంత కటకటలో కొత్త నీలం ఇంజన్లు ఎక్కణ్ణివి? అప్పులన్నీ తీర్చగలిగినప్పుడు ఎందుకు మూసేశారు?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. అమెరికాలోని చికాగో, రాక్ ఐలాండ్ అండ్ పసిఫిక్ రైల్‌రోడ్ 1975లో దివాలా పిటిషన్ వేస్తే 1980 దాకా రైళ్లు ఎలా తిరిగాయన్నది ఒకటి. అంత కటకటలో కొత్త నీలం రంగు ఇంజన్లు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది రెండోది. మూసేశాక అప్పులవాళ్లందరికీ వడ్డీతో సహా ముట్టజెప్పారంటే అసలు అది దివాలా ఎలా అయిందన్నది మూడోది. మూడోదానికి జవాబు మన సామెతలోనే ఉంది: ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే. రాక్ ఐలాండ్ సంగతి ఇంకా విచిత్రం. బతికుంటే రోజూ మేత ఖర్చు, చస్తే వెయ్యి. ఈ లెక్క అప్పులిచ్చినవాళ్లకు చాలా ముందే అర్థమైంది.

పతనం 1975లో మొదలుకాలేదు, 1964లో మొదలైంది. ఆ ఏడాది యూనియన్ పసిఫిక్ రాక్ ఐలాండ్‌ని కలుపుకుంటామని అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్‌కి దరఖాస్తు పెట్టుకుంది. ఈ కమిషన్‌ని అక్కడ ఐసీసీ అంటారు, క్రికెట్ ఐసీసీతో కలపకండి. యూనియన్ పసిఫిక్ పట్టాలు ఒమాహా దగ్గర ఆగిపోతాయి, దానికి కావలసింది చికాగో. రాక్ ఐలాండ్‌కి చికాగో–ఒమాహా లైను ఉంది. దక్షిణాన కాన్సాస్ సిటీ నుంచి న్యూ మెక్సికోలోని టుకుమ్‌కారీ వెళ్లే లైను సదరన్ పసిఫిక్‌కి అమ్మాలన్నది ఒప్పందంలో భాగం. చూడ్డానికి చక్కటి సంబంధమే. కానీ చికాగో–ఒమాహా మధ్య అప్పటికే చికాగో అండ్ నార్త్ వెస్టర్న్, మిల్వాకీ రోడ్, బర్లింగ్టన్, ఇల్లినాయి సెంట్రల్ కూడా నడుస్తున్నాయి. ఒమాహాలో యూనియన్ పసిఫిక్ అప్పగించే సరుకు మీదే బతుకుతున్న నార్త్ వెస్టర్న్ గట్టిగా అడ్డం పడింది. మిగతావాళ్లూ తలో అభ్యంతరం, తలో షరతు పెట్టారు. విచారణ పదేళ్లు సాగింది. 1974 చివర్లో కమిషన్ బోలెడు షరతులతో సరేనంది. అప్పటికి యూనియన్ పసిఫిక్ పిల్లని మళ్లీ చూసి, ఈ సంబంధం మాకొద్దని లేచిపోయింది.

ఆ పదేళ్లలో ఏం జరిగిందో తెలియాలంటే స్లీపర్ల (పట్టాల కింద అడ్డంగా పరిచే దిమ్మెల) లెక్క చూడాలి. ఇందులో అర్థం కానిదేమీ లేదు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

అమెరికా మెయిన్ లైన్లో మైలుకి సుమారు 3,000 చెక్క స్లీపర్లుంటాయి. ఒక్కోటి 25 నుంచి 30 ఏళ్లు ఆగుతుంది. అంటే లైను ఉన్న స్థితిలోనే ఉండాలంటే ఏటా మైలుకి వంద, నూట ఇరవై మార్చాలి. 7,000 మైళ్ల పైచిలుకు లైనున్న కంపెనీకి అది ఏటా ఏడు లక్షల స్లీపర్లు. పెళ్లి కుదిరినట్టే ఉన్నప్పుడు, రేపు యూనియన్ పసిఫిక్ వచ్చి ఎలాగూ మారుస్తుందనుకున్నప్పుడు, ఈ ఏడాది మార్చడమెందుకు? మూడో వంతు మార్చి ఊరుకున్నారనుకోండి, పదేళ్లు తిరిగేసరికి ప్రతి అయిదు స్లీపర్లలో ఒకటికి పైగా పుచ్చిపోయి ఉంటుంది. (ఈ మూడో వంతు లెక్క అర్థం కావడానికే. అసలు నిష్పత్తి ఒక్కో డివిజన్లో ఒక్కోలా ఉంటుంది.)

దీనికి అకౌంటింగ్ కూడా తోడైంది. అప్పట్లో అమెరికా రైల్వేలు పట్టాలకి తరుగుదల రాసేవి కావు. పాత స్లీపరు తీసి అలాంటిదే కొత్తది వేస్తే మొత్తం ఖరీదు ఆ ఏటి ఖర్చులోనే పడేది. మరి మార్చకపోతే? ఆ ఏడాది ఖర్చు తగ్గి లాభం పెరిగినట్టు కనిపించేది. కుళ్లు భూమిలో పేరుకుంటుంటే బ్యాలెన్స్ షీట్‌లో దాని జాడే ఉండేది కాదు. ఈ పద్ధతి 1983 దాకా మారలేదు. కాబట్టి 1983కి ముందరి రైల్వే వార్షిక నివేదికల్లో లాభం చూసి మురిసిపోకండి. నిర్వహణ ఖర్చు ఎంత రాశారో, ఎన్ని స్లీపర్లు వేశారో ముందు వెతకండి.

ఇక పట్టా దగ్గరికి వద్దాం. అప్పటి పట్టా పొడవు 39 అడుగులు. ఒక పట్టా పొడవులో 22 నుంచి 24 స్లీపర్లుంటాయి. 1970ల మొదట్లో వచ్చిన ఫెడరల్ భద్రతా ప్రమాణాల ప్రకారం ఈ 39 అడుగుల్లో 12 మంచి స్లీపర్లుంటే నాలుగో తరగతి లైను, గూడ్స్ 60 మైళ్ల వేగంతో పోవచ్చు. 8 ఉంటే మూడో తరగతి, 40 మైళ్లు. ఐదే మిగిలితే ఒకటో తరగతి, గంటకి 10 మైళ్లు. మన భాషలో చెప్పాలంటే కాషన్ ఆర్డర్, అంటే వేగం తగ్గించి నడపమనే ఆదేశం. రాక్ ఐలాండ్ మెయిన్ లైన్లోనే 10 మైళ్ల కాషన్లు మైళ్ల తరబడి ఉండేవి.

ముందు పాడయ్యేది అతుకు. రెండు పట్టాలు కలిసేచోట వాటిని కలిపి బిగించే పలక, అంటే ఫిష్‌ప్లేట్ కింద స్లీపరు మెత్తబడితే, చక్రం వచ్చిన ప్రతిసారీ ఆ చోటు కిందికి దిగి పైకి లేస్తుంది. కంకరలో నీళ్లు నిలిస్తే ఆ దిగడం లేవడం పంపులా పనిచేసి అడుగు మట్టిని బురదగా పైకి తోడుతుంది. బురద పట్టిన కంకరలోంచి నీళ్లు ఇంకవు, పక్క స్లీపరూ నానుతుంది. బోల్టులు వదులవుతాయి, పట్టా కొస చితికిపోతుంది, చివరికి ఫిష్‌ప్లేట్ పగులుతుంది. అప్పటి ఫోటోల్లో అతుకుల చుట్టూ తెల్లగా ఎండిన బురద మరకలు కనిపిస్తే అదే ఇది. పుచ్చిన చెక్క మేకుని పట్టుకోదు. పట్టాలు పక్కలకి జరుగుతాయి, చక్రం మధ్యలో దిగిపోతుంది. నిలబడి ఉన్న బోగీలు కూడా పట్టాలు తప్పాయని ఎక్కడైనా చదివితే అది అతిశయోక్తి కాదు. ఆ రోజుల్లో దివాలా రైల్వేల్లో అది వినబడేదే.

ఇక్కడో చిన్న పిడకల వేట. 10 మైళ్ల కాషన్‌లో డ్రైవరు విసుగొచ్చి 15కి పెంచితే ఏమవుతుంది? మన రైల్వేల్లో తిన్నని లైను మీద రెండు పట్టాల అతుకులూ ఎదురెదురుగా ఉంటాయి. అమెరికాలో ఒకవైపు అతుకు రెండో వైపు పట్టా మధ్యకి వచ్చేలా వేస్తారు. కుంగిన అతుకుల మీద బోగీ ఒకసారి ఎడమకి, మరోసారి కుడికి ఒరుగుతుంది. 15 మైళ్ల వేగమంటే సెకనుకి 22 అడుగులు, 39 అడుగులకి 1.8 సెకన్లు. ధాన్యం నింపిన ఎత్తయిన హాపర్ వ్యాగన్ తనంతట తాను ఊగే వేగం దాదాపు అంతే. ఉయ్యాలని సరిగ్గా సమయం చూసి తోసినట్టు ప్రతి అతుకూ ఊపు పెంచుతుంది. కాసేపటికి ఒకవైపు చక్రాలు పట్టా మీంచి లేస్తాయి. అందుకే సుమారు 12 నుంచి 20 మైళ్ల మధ్య వేగం అన్నిటికన్నా ప్రమాదం: పోతే 10 లోపు పోవాలి, లేదా 25 దాటి పోవాలి. లైను 25కి పనికిరాదు, కాబట్టి 10. ధాన్యమే ప్రధాన సరుకైన రైల్వేకి ఇది ఎంత దెబ్బో ఊహించండి.

వేగం పోతే డబ్బు ఎలా పోతుందో కూడా చూడండి. అప్పటి ఒప్పందాల్లో గూడ్స్ సిబ్బందికి వంద మైళ్లంటే ఒక రోజు జీతం, ఎనిమిది గంటలు దాటితే ఓవర్‌టైమ్. గంటకి 10 మైళ్లంటే వంద మైళ్లకే పది గంటలు. 1972 చివరి నుంచి చట్టం ప్రకారం పన్నెండు గంటలు దాటి ఎవరూ నడపకూడదు. గంట కొట్టగానే రైలు పొలాల మధ్య ఆగిపోతుంది, కారులో రెండో జట్టు వచ్చి అందుకోవాలి. ఒక ప్రయాణానికి రెండు జట్ల జీతం! ఇవికాక, వేరే రైల్వేల వ్యాగన్లు మన లైను మీదున్న ప్రతి రోజుకీ అద్దె కట్టాలి. రెండు రోజుల్లో దాటాల్సిన వ్యాగన్ ఆరు రోజులుంటే ఆరు రోజుల అద్దె. సరుకు ఆలస్యమైతే గిరాకీ లారీలకి పోతుంది. అది పోతే స్లీపర్లకి డబ్బుండదు. ఈ సుడిలోంచి సొంతంగా బయటపడ్డ రైల్వే అరుదు.

1974లో ప్రభుత్వ రుణం అడిగితే దొరకలేదు. 1975 మార్చి 17న పిటిషన్ వేశారు. దివాలా రాక్ ఐలాండ్‌కి కొత్త కాదు, 1915లో ఒకసారి, 1933లో ఒకసారి కోర్టుకెక్కి బయటపడింది. మూడోసారికి జడ్జి ఫ్రాంక్ మెక్‌గార్, కోర్టు తరఫున కంపెనీని నడిపే ట్రస్టీ విలియం గిబ్బన్స్.

మొదటి ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. అప్పటి దివాలా చట్టంలో రైల్వేలకి సెక్షన్ 77 అని ప్రత్యేక భాగం ఉండేది. మామూలు దుకాణం దివాలా తీస్తే షట్టరు దించి సరుకు వేలం వేస్తారు. రైల్వే ప్రజలకి అవసరం కాబట్టి ట్రస్టీ దాన్ని నడుపుతూనే పునర్వ్యవస్థీకరణ ప్రణాళిక తేవాలి. పాత బాండ్ల వడ్డీ ఆగుతుంది, బాండుదారులు (లైను తాకట్టు మీద అప్పిచ్చినవాళ్లు) ఆస్తి మీద పడకుండా కోర్టు అడ్డుకుంటుంది. జీతాలు, డీజిలు, వ్యాగన్ అద్దెలు మాత్రం ఎప్పటికప్పుడు నగదులో కట్టాలి. ఐదేళ్లు నడిచింది ఈ ఊపిరితోనే.

ఇంజన్ల సంగతి దీన్నుంచే వస్తుంది. లైను తాకట్టు పెట్టుకున్న బాండుదారుణ్ణి కోర్టు ఆపగలదు. ఇంజనుకి అప్పిచ్చినవాణ్ణి ఆపలేదు. ఎందుకంటే అప్పు తీరేదాకా ఇంజను కాగితాల మీద వాడిదే. వాయిదా తప్పితే తోలుకుపోతాడు. అందుకని ట్రస్టీ ముందు ఆ వాయిదాలే కడతాడు, అది తెలుసు కాబట్టి దివాలా కంపెనీకైనా ఇంజనుకి అప్పు పుడుతుంది. స్లీపరు సంగతి అలా కాదు, భూమిలో పాతేశాక దాన్ని ఎవడూ వెనక్కి తీసుకోలేడు, దాని మీద అప్పూ పుట్టదు. కుళ్లిన లైను మీద మెరిసే కొత్త జీపీ38-2 డీజిల్ ఇంజన్లు తిరిగాయంటే కారణం ఇదే. ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ అధిపతిగా చేసి వచ్చిన కంపెనీ ప్రెసిడెంట్ జాన్ ఇంగ్రామ్ హయాంలోనే ఆ లేత నీలం, తెలుపు రంగులు, ‘ద రాక్’ అన్న కొత్త పేరు వచ్చాయి. రైలు అభిమానులు దానికి ‘దివాలా నీలం’ అని పేరు పెట్టారు. పైన పటారం, లోన లొటారం అని కొట్టిపారేయొచ్చు గానీ, నా దృష్టిలో అది పూర్తి న్యాయం కాదు. రంగు ఖర్చు స్లీపర్ల ఖర్చు ముందు లెక్కలోకి రాదు, సరుకు పంపేవాళ్లకి మేమింకా ఉన్నామని చెప్పాల్సిన అవసరం నిజంగానే ఉంది.

ప్యాసింజర్ రైళ్ల గురించి క్లుప్తంగా. 1971 మే 1న దేశవ్యాప్త ప్యాసింజర్ రైళ్ల సంస్థ ఆమ్‌ట్రాక్ మొదలైనప్పుడు చేరాలంటే తమ ప్యాసింజర్ నష్టాల్ని బట్టి ప్రవేశ రుసుము కట్టాలి. రాక్ ఐలాండ్‌కి మిగిలింది ఇల్లినాయిలో రెండే రైళ్లు: పియోరియా రాకెట్, క్వాడ్ సిటీస్ రాకెట్. రుసుము కట్టడం కన్నా వాటిని నడుపుకోవడమే చవకని లెక్కేసి చేరలేదు. 1937లో వేగానికి గుర్తుగా పుట్టిన పేరు రాకెట్. చివరికొచ్చేసరికి ఒక పాత ‘ఈ8’ రకం ఇంజను, వెనక రెండు మూడు పెట్టెలు, ఇల్లినాయి రాష్ట్ర సబ్సిడీ. 1978 డిసెంబరు 31న రెండూ ఆగాయి. చికాగో లోకల్ రైళ్లు వేరే కథ, వాటిని ప్రాంతీయ రవాణా సంస్థ ఆదుకుంది. ఇవాళ చికాగో చుట్టుపక్కల ఉంటున్న మనవాళ్లు లాసాల్ స్ట్రీట్ నుంచి జోలియెట్ వెళ్లడానికి మెట్రా రాక్ ఐలాండ్ లైను ఎక్కుతారు. పేరు అక్కడ మిగిలింది.

ముగింపు సమ్మెతో వచ్చింది. 1979 ఆగస్టు 28న క్లర్కుల యూనియన్ సమ్మెకి దిగింది. దేశమంతా మిగతా రైల్వేలిచ్చిన జీతాల పెంపు తమకూ పాత తేదీ నుంచి ఇవ్వాలన్నది డిమాండు. పాత బకాయిలివ్వడానికి నగదు లేదన్నది ట్రస్టీ మాట. రైలు సిబ్బంది యూనియన్ కూడా కలిసింది. అధికారులే ఇంజన్లెక్కి కొన్ని రైళ్లు నడిపారు. పంట కోతల కాలం, ధాన్యం కదలాలి. సెప్టెంబరు 26న కమిషన్ రవాణా అత్యవసర పరిస్థితి ప్రకటించి, రాక్ ఐలాండ్‌ని నడిపే పని కాన్సాస్ సిటీ టెర్మినల్ రైల్వేకి అప్పగించింది. అది ఒక ఊళ్లో స్టేషను, యార్డులు చూసుకునే చిన్న కంపెనీ, పన్నెండు రైల్వేల ఉమ్మడి సొత్తు. పదమూడు రాష్ట్రాల లైను దాని నెత్తిన పడింది! ఖర్చు ఫెడరల్ ఖజానాది.

సమ్మె చంపిందని యూనియన్‌నీ, మొండికేశాడని ట్రస్టీనీ తిట్టేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అసలు విషయం బాండుదారుల వాదనలో ఉంది. నష్టాలతో నడిపే ప్రతి రోజూ మా తాకట్టు ఆస్తి కరిగిపోతోంది, ప్రజావసరం పేరుతో మా ఆస్తిని పరిహారం లేకుండా తినడం రాజ్యాంగ విరుద్ధం అన్నారు. 1920లోనే బ్రూక్స్–స్కాన్లన్ కేసులో సుప్రీంకోర్టు, శాశ్వతంగా నష్టపోతూ రైల్వే నడపమని యజమానిని బలవంతపెట్టరాదని తేల్చింది. చికాగో పెట్టుబడిదారు హెన్రీ క్రౌన్ వంటివాళ్లు ముక్కలుగా అమ్మేయమని పట్టుబట్టారు. 1980 జనవరిలో జడ్జి మెక్‌గార్ పునర్వ్యవస్థీకరణ కుదరదని తేల్చి మూసివేతకి ఆదేశించారు. కొత్త సరుకు తీసుకోవడం ఆపేసి, దారిలో ఉన్న వ్యాగన్లని గమ్యానికి చేర్చి, ఖాళీ ఇంజన్లనీ బోగీలనీ పెద్ద యార్డులకి లాక్కొచ్చారు. మార్చి 31తో అన్నీ ఆగిపోయాయి. చివరి రైలు మంచు మేటల్లో మూడు రోజులు పెనుగులాడి ఆ రోజే డెన్వర్ చేరింది. రైల్వేలకి ధరల స్వేచ్ఛనిచ్చిన స్టాగర్స్ చట్టం మీద సంతకం పడింది అదే ఏడాది అక్టోబరు 14న.

ఇక చచ్చిన ఏనుగు వెల. కాన్సాస్ సిటీ మీదుగా సెయింట్ లూయిస్ నుంచి న్యూ మెక్సికో వెళ్లే 965 మైళ్లని సదరన్ పసిఫిక్ అనుబంధ కంపెనీ కాటన్ బెల్ట్ 5.7 కోట్ల డాలర్లకి కొంది. ట్విన్ సిటీస్ (మినియాపొలిస్, సెయింట్ పాల్)–కాన్సాస్ సిటీ ‘స్పైన్ లైన్’ కోసం సూ లైన్, నార్త్ వెస్టర్న్ వేలంలో పోటీపడితే 1983లో 9.3 కోట్లకి నార్త్ వెస్టర్న్‌కి దక్కింది. కాన్సాస్ నుంచి టెక్సాస్ వైపు లైను ‘కేటీ’ అని పిలిచే మిస్సోరి–కాన్సాస్–టెక్సాస్ రైల్వేకి, అయోవా లైను 1984లో మొదలైన అయోవా ఇంటర్‌స్టేట్‌కి పోయాయి. మెంఫిస్ నుంచి పడమరకి పోయే చాక్టా రూటు చాలాభాగం పట్టాలు పీకేశారు. ఉక్కు తుక్కు, నగరాల్లోని స్థలాలు, ఇంజన్లు అన్నీ కలిపి దాదాపు 50 కోట్ల డాలర్లు వచ్చాయి. అప్పులవాళ్లకి పూర్తిగా ముట్టింది. 1984లో మిగిలిన కంపెనీ చికాగో పసిఫిక్ కార్పొరేషన్‌గా బయటికొచ్చి, మరుసటేడు హూవర్ వ్యాక్యూమ్ క్లీనర్ల కంపెనీని కొంది. తర్వాత గృహోపకరణాల కంపెనీ మేటాగ్‌లో కలిసిపోయింది.

ఉద్యోగుల మాట ఎవరూ రాయరు కాబట్టి ఇది చేరుస్తున్నాను. 1980 మేలో అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ప్రత్యేక చట్టం చేసి, ఉద్యోగం పోయినవాళ్లకి కంపెనీ ఆస్తిలోంచి 7.5 కోట్ల డాలర్ల వరకు ఇవ్వాలంది. ట్రస్టీ కోర్టుకెళ్లాడు. దివాలా చట్టాలు దేశమంతటా ఒకేలా ఉండాలి, ఒక్క కంపెనీ కోసం చేసింది చెల్లదని 1982లో సుప్రీంకోర్టు కొట్టేసింది. బాండుదారులకి వడ్డీతో సహా అందిన లెక్కలో ఈ సొమ్ము కూడా కలిసే ఉంది.

1964లో ఏ లైన్ల కోసం పదేళ్ల దావా నడిచిందో, వాటి సంగతి. కేటీని 1988లో, నార్త్ వెస్టర్న్‌ని 1995లో, సదరన్ పసిఫిక్‌ని 1996లో యూనియన్ పసిఫిక్ కలిపేసుకుంది. స్పైన్ లైనూ, టుకుమ్‌కారీ లైనూ ఇవాళ దానివే. చికాగో–ఒమాహా మార్గం మాత్రం నార్త్ వెస్టర్న్‌ది వాడుకుంటోంది, రాక్ ఐలాండ్‌ది కాదు.

రాక్ ఐలాండ్ పాత ఫోటోలు కనిపిస్తే, వాటి కాలం గుర్తుపట్టడానికి: ఇంజను ఎరుపు లేదా మెరూన్‌లో ఉంటే ఆ రంగు 1975కి ముందుది, కానీ చాలావాటికి చివరిదాకా కొత్త రంగు పడలేదు, దాన్నొక్కదాన్నే నమ్మకండి. నీలం ఉండి ‘ద రాక్’ అక్షరాలు చెక్కుచెదరకుండా ఉంటే 1975–80 కావచ్చు. పేరు మీద పూత పూసి వేరే నంబరు వేసి ఉంటే అది అమ్ముడుపోయాకే. నార్త్ వెస్టర్న్ కొన్న పాత జీపీ7 ఇంజన్లని అలా చూడొచ్చు. లైను ఫోటో అయితే పట్టా తల చూడండి. మెరుస్తుంటే రైళ్లు తిరుగుతున్నట్టు. ఎర్రగా తుప్పు పట్టి స్లీపర్ల మధ్య గడ్డి మోకాలెత్తు ఉంటే, 1980 వేసవి గానీ ఆ తర్వాత గానీ తీసింది.